మెరుగు పెట్టిన రూపాయి

చీమకుర్తిలో నేను చేసిన ఉద్యోగం గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, రాళ్ళకు వంకలు పెట్టడం. క్వారీలో తీసిన నల్లరాయి బ్లాకుల్ని కొనేవాళ్ళ తరఫున వెళ్ళేవాణ్ణి. బ్లాకు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, ఎక్కడ తెల్ల గీత పోయిందో, ఎక్కడ మచ్చ పడిందో, ఎక్కడ పగులు దాక్కుందో చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తుల్ని బట్టి ధర తగ్గించాలి. పగులు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బ్లాకు మీద రెండు బకెట్ల నీళ్ళు కుమ్మరించి ఎండకు వదిలేస్తాం. కాసేపటికి రాయంతా ఆరిపోతుంది గానీ పగులు ఆరదు. వెంట్రుకంత సన్నగా తడి గీత ఒకటి మిగిలిపోతుంది. దాన్ని చూపించగానే క్వారీ మేనేజరు మొహం మాడిపోయేది. అబద్ధమెందుకు, అలాంటి రోజు నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగేది.

పదేళ్ళు ఆ పని చేశాక నా చూపే అలా తయారైంది. కొత్త చొక్కా తెచ్చుకుంటే ముందు కుట్టు ఊడిన చోటు కనిపించేది. బంధువుల గృహప్రవేశానికి వెళితే నా కళ్ళు నేల బండల అతుకుల మీదే ఉండేవి. "మీకు తప్పు తప్ప ఇంకేమీ కనపడదా?" అని మా ఆవిడ అడిగేది. అది నేను మెచ్చుకోలు కింద వేసుకునేవాణ్ణి.

మా బావ దీనికి పూర్తిగా విరుద్ధమైన మనిషి. మా అక్క భర్త. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. పదిమందీ వద్దన్న నాణేన్ని పట్టుకొచ్చి దాచుకోవడం ఆయనకు పిచ్చి. ఒకవైపు ఏ ముద్రా లేకుండా నున్నగా ఉన్న ఐదు రూపాయల బిళ్ళ, బొమ్మ సగం పక్కకు జరిగిపోయి అంచు టోపీలా లేచిన రూపాయి, సింహాల మీదుగా సన్నటి గీత లేచిన అర్ధరూపాయి, ఇలాంటివి. ఎవరి చేతిలోనన్నా అలాంటిది కనపడితే మంచి బిళ్ళ ఇచ్చి అది తీసుకునేవాడు. పేట బస్టాండు దగ్గర కిళ్ళీకొట్టువాడికి ఈ సంగతి తెలిసి, చెల్లని బిళ్ళలన్నీ ఈయన కోసం ఒక పక్కన పెట్టేవాడు. బావ వాటిని కెమెరా రీళ్ళు వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బీల్లో వేసి ట్రంకు పెట్టెలో దాచేవాడు. మనిషి మంచివాడు, నవ్వుమొహం. నేను వెళ్ళినప్పుడల్లా డబ్బీలు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. నేను వెక్కిరించేవాణ్ణి. ఆయనకు కోపం రాకపోవడం చూసి నాకే కోపం వచ్చేది.

తొంభై ఎనిమిదో తొమ్మిదో, దీపావళి ముందు అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఎదురింటి వాళ్ళ ఫోన్ నుంచి చేసింది. "ఒరేయ్, ఆదివారం రా. మీ బావ చేసిన ఘనకార్యం చూద్దువుగాని," అంది.

జరిగింది ఇది. అక్క పెళ్ళికి మా అమ్మ ఐదు వెండి రూపాయలు పసుపు గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. రాజు బొమ్మ ఉన్న పాత రూపాయలు. మా ఇళ్ళలో అది మామూలే. ఏటా దీపావళి నాడు వాటిని చింతపండుతో తోమి, విభూతితో రుద్ది, లక్ష్మీదేవి పటం ముందు పళ్ళెంలో పెడతారు. తరతరాలుగా తోమీ తోమీ రాజు ముక్కు అరిగిపోయినా ఎవరికీ పట్టదు, తళతళలాడితే చాలు. ఆ ఏడాది అక్క మూట విప్పేసరికి మూడే ఉన్నాయి. బావను అడిగితే దాచకుండా చెప్పాడట. మిల్లుకు వచ్చిన పాత వెండి వ్యాపారి దగ్గర ఒక రూపాయి చూశాననీ, ఇంట్లోంచి రెండు రూపాయలు తీసుకెళ్ళి ఇచ్చి ఆ ఒక్కటీ తెచ్చుకున్నాననీ.

తీర్పు చెప్పడానికి నన్ను పిలిచారన్నమాట. పదేళ్ళ అనుభవం ఉన్న ఇన్‌స్పెక్టర్ని కదా.

బావ డబ్బీ మూత తీసి రూపాయి నా అరచేతిలో పెట్టాడు. నల్లబడి ఉంది. ఒకవైపు కిరీటం, గడ్డం ఉన్న రాజు మొహం బాగానే ఉంది. రెండోవైపు తిప్పాను. అక్కడ ఉండాల్సిన తీగలూ పూలూ, రూపాయి అన్న అక్షరాలూ, సంవత్సరం, ఏవీ లేవు. మళ్ళీ అదే రాజు మొహం, కాకపోతే లోపలికి గుంటగా, ఎడమా కుడీ తిరగబడి ఉంది. తడి సిమెంటు మీద ఒక బొమ్మను అదిమి తీసినట్టుంది.

"పగిలిన బ్లాకు కోసం రెండు ఫస్టు గ్రేడు బ్లాకులు ఇచ్చి వచ్చావు బావా," అన్నాను.

"రాళ్ళకూ రూపాయలకూ ఒకటే లెక్క కాదులేరా బామ్మర్దీ," అని నవ్వాడు. అక్క వైపు తిరిగి, "ఇది మాత్రం ఉంచు. ఎప్పుడన్నా చెయ్యి ఆడకపోతే తియ్యి. అప్పుడు తెలుస్తది నేనేం తెచ్చానో," అన్నాడు.

"మా అమ్మ రూపాయలు రెండు పోయినాయి, అది నాకిప్పుడే తెలుస్తా ఉంది," అంది అక్క.

అక్క దాన్ని పూజలో పెట్టనంది. లోపమున్న వస్తువు దేవుడి ముందు పెట్టకూడదని ఆమె పట్టు. మిగతా మూడింటినీ చింతపండుతో తోముకుంది. ఆ రూపాయి డబ్బీలోనే నల్లగా ఉండిపోయింది. తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో ఏ చిన్న మాట వచ్చినా అక్క ఆ రెండు రూపాయల సంగతి ఎత్తేది. బావ నవ్వేసి ఊరుకునేవాడు.

రెండువేల ఒకటిలో బావ పోయాడు. మిల్లులో డ్యూటీలో ఉండగానే గుండెనొప్పి వచ్చింది. గుంటూరు తీసుకెళ్ళేలోపే అయిపోయింది. నలభై రెండేళ్ళు. అక్కకు ఒక్కతే కూతురు, అప్పుడు ఆరో తరగతి. మిల్లువాళ్ళు ఇచ్చింది కర్మకాండలకూ, అంతకుముందున్న చేబదుళ్ళకూ సరిపోయింది. మా ఊరు వచ్చెయ్యమన్నాను. పిల్ల చదువు పాడవుతుందని రానంది.

అక్క జాకెట్లు బాగా కుడుతుంది. కానీ ఇంట్లో మిషను పెట్టుకుని కూర్చుంటే ఆ సందులోకి వచ్చేవాళ్ళు తక్కువ. అందుకని మిరపకాయల పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. గుంటూరు రోడ్డులో ఒక గోడౌను. పొద్దున్నే ట్రాలీ ఆటోలో ఇరవై మంది ఆడవాళ్ళను ఎక్కించుకుపోతారు. సాయంత్రం దాకా కుప్పల ముందు కూర్చుని కాయలకు తొడిమలు తీయాలి. మొహానికి గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. అరచేతులు మంట. కొబ్బరినూనె రాసుకున్నా రాత్రికి గానీ తగ్గదు. ఆ చేత్తో కూతురికి అన్నం కలిపి పెట్టలేక చెంచాతో పెట్టేది. రెండో ఏడు ఇంకో కష్టం వచ్చింది. సాయంత్రాలు ఆ చేతులతోనే కుడుతుంటే ఘాటు గుడ్డకు అంటుకునేది. కొత్త జాకెట్ వేసుకుంటే చంకల్లో మండుతోందని ఇద్దరు ముగ్గురు తెచ్చి మొహాన కొట్టారు. ఎంత కడుక్కున్నా మిరప ఘాటు గోళ్ళ సందుల్లోంచి పోదు. అక్కకు అర్థమైపోయింది, రెండు పనులూ ఒక చేత్తో కుదరవని.

అప్పుడే పేట బస్టాండు దగ్గరి వీధిలో చిన్న గది ఖాళీ అయింది. మిషను వేసుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. ఎదురుగా రెండు చీరల కొట్లు. అడ్వాన్సు పదివేలు, నెలాఖరులోగా ఇవ్వాలి. నేనిస్తానన్నాను.

"వద్దురా. నీ డబ్బుతో కొట్టు పెడితే మీ ఆవిడ ముందు నేను తలెత్తుకోలేను," అంది. మా ఆవిడ ఏమీ అనే రకం కాదు. అయినా అక్క వినలేదు. లేచి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి నల్ల డబ్బీ తెచ్చింది.

"మీ బావ ఉన్నన్నాళ్ళూ దీని గురించి చెప్పాడుగా. చెయ్యి ఆడకపోతే తియ్యమన్నాడుగా. తీస్తా ఉన్నా. గుంటూరు తీసుకెళ్ళి అమ్మిపెట్టు. ఎంతొస్తే అంత. ఆ మనిషి మాట నిజమో కాదో నాకూ తెలియాలి," అంది.

డబ్బీ జేబులో వేసుకుని చీమకుర్తి వచ్చాను.

ఇక్కడ నేను చేసిన పని చీమకుర్తిలో పనిచేసే మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. మా దగ్గర రాయికి రేటు మెరుపును బట్టి. క్వారీలోంచి వచ్చినప్పుడు బూడిదరంగులో, మట్టికొట్టుకుని ఉండే రాయి, కోసి పాలిష్ పట్టేసరికి అద్దంలా అయిపోతుంది. లోపలి బంగారు చుక్కలు పైకి తేలతాయి. పాలిష్ లేని రాయిని కొనేవాడికి చూపించడమంటే పెళ్ళికూతురికి మొహం కడగకుండా కూర్చోబెట్టడమే. లోపమున్న రాయికైతే మరీ. మచ్చ ఉన్న పలకకు రెండు పట్లు ఎక్కువ పాలిష్ వేసి, కనీసం మెరుపు మీదన్నా పోనిద్దామని చూస్తారు. నేను అదే లెక్క వేశాను. రూపాయికి ఎలాగూ లోపం ఉంది. నల్లగా కూడా ఉంటే ఎవడు కొంటాడు?

మధ్యాహ్నం భోజనాల టైములో కటింగు యూనిట్‌కు వెళ్ళాను. పలకల అంచులకు మెరుగు పెట్టే చేతి మిషను ఒకటి ఉంటుంది, చివర ఉన్ని చక్రం తిరుగుతుంది. ఒక చెక్కముక్కలో రూపాయికి సరిపోయేంత గాడి చేసి, అందులో బిగించి, పాలిష్ పౌడరు నీళ్ళల్లో కలిపి, చక్రం ఆనించాను. నా చేత్తోనే. పాలిష్ మేస్త్రి అన్నం తింటూ చూస్తున్నాడు. పది నిమిషాలు పట్టింది. నలుపంతా కొట్టుకుపోయి రాజు మొహం తెల్లగా మెరిసింది. రెండోవైపు గుంటలోకి చక్రం పోదు గనుక అక్కడ అంచుల్లో నలుపు అలాగే ఉండిపోయింది. అది నాకు బాధేసింది. పుల్లకు గుడ్డ చుట్టి దాన్నీ గోకి చూశాను. కొంత పోయింది. గుడ్డలో తుడిచి ఎండలో పెట్టి చూస్తే కళ్ళు జిగేలుమన్నాయి. ఇరవై వేలు చెప్పినా ఎవరూ కాదనరు అనుకున్నాను.

గుంటూరులో పాత నాణేల వ్యాపారం చేసే పెద్దాయన ఒకాయన గురించి పేపర్లో చిన్న ప్రకటన చూసి ఉన్నాను. ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఇంట్లోనే ముందుగదిలో ఒక బల్ల, ఒక అల్మరా. ఆయన ఇంటికి వెళ్ళి నా సంగతంతా చెప్పాను. మా బావ ఫలానా, మా అక్క పరిస్థితి ఫలానా అని. ఆయన శ్రద్ధగా విన్నాడు. డబ్బీ మూత తీశాడు. రూపాయిని వేళ్ళతో అంచులు మాత్రమే పట్టుకుని బయటికి తీసి, రెండువైపులా చూశాడు. భూతద్దం పెట్టాడు. చిన్న తరాజులో తూచాడు. చాలాసేపు అంచు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరు బాబూ దీన్ని రుద్దింది?"

"నేనేనండి. మిషను మీద పాలిష్ పట్టానండి," అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆయన లేచి అల్మరాలోంచి చిన్న అట్టపెట్టె తెచ్చి, అందులోంచి బిళ్ళలు ఒక్కొక్కటే తీసి నా ముందు పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పాడు.

మొదటిదాని మీద వెంట్రుకంత గీత ఉంది. టంకశాలలో ముద్రవేసే అచ్చు పగిలితే ఆ పగులు ప్రతి బిళ్ళ మీదా గీతగా లేస్తుందట. అలాంటివి వేలకు వేలు వస్తాయి కాబట్టి పెద్దగా ఏమీ రాదు, సరదాపడ్డవాడు పదో పాతికో ఇస్తాడు. రెండోదాని మీద బొమ్మ పక్కకు జరిగి ఉంది. ఎంత ఎక్కువ జరిగితే అంత విలువ, కానీ సంవత్సరం కనిపించాలి. మూడోది చూడ్డానికి భలేగా వంకరపోయి ఉంది. ఎంత ఉంటుందని నన్నే అడిగాడు. వెయ్యి అన్నాను.

"రూపాయి. దీన్నెవరో సుత్తితో కొట్టారు. టంకశాలలో జరిగిన తప్పుకే విలువండి. బయటికొచ్చాక మనిషి చేసిందేదైనా దెబ్బ కిందే లెక్క," అన్నాడు.

తర్వాత మా బావ రూపాయి చేతిలోకి తీసుకున్నాడు. టంకశాలలో ఒక బిళ్ళకు ముద్ర పడ్డాక అది కింద పడకుండా పై అచ్చుకే అతుక్కుపోతుంది, వెంటనే ఇంకో ఖాళీ బిళ్ళ వస్తుంది, రెండో బిళ్ళ మీద అచ్చుకు బదులు ఆ అతుక్కున్న రూపాయి మొహమే పడుతుంది, అందుకే గుంటగా, తిరగబడి వస్తుంది అని చెప్పాడు. తనిఖీలో ఇలాంటివి ఏరేసి కరిగించేస్తారు. కళ్ళుగప్పి బయటికి వచ్చేవి బహు తక్కువ.

"మరి మంచిదే కదండీ?" అన్నాను.

"మంచిదే. మీ బావగారు కన్నున్న మనిషి. ఇది అచ్చంగా టంకశాల తప్పే, నాకు అనుమానం లేదు. అంచు చూస్తే తెలుస్తోంది. కానీ దీనికి దొంగవి కూడా ఉన్నాయి. మంచి రూపాయి ఒకటి పెట్టి, దాని మీద ఇంకోటి పెట్టి, ఫిట్టర్లు వాడే పట్టకారులాంటి వైస్‌లో బిగించి నొక్కుతారు. గుంట పడుతుంది. కాకపోతే అట్లా నొక్కినప్పుడు రెండోవైపు మొహం చదునైపోతుంది. కొనేవాడు ముందు చూసేది అదే. ఇప్పుడు దీని మొహం చూడండి."

భూతద్దం నా చేతికిచ్చాడు. రాజు గడ్డంలో వెంట్రుకలు లేవు. కిరీటం మీద రాళ్ళు లేవు. ముక్కు, చెంప ఒకటైపోయాయి. అద్దంలా మెరుస్తున్న చదును. వెంట్రుకంత పగుళ్ళను పట్టుకునే నా కళ్ళకు అది అప్పటిదాకా కనిపించనే లేదు.

"అసలైనదాన్ని దొంగదానిలా తయారుచేశారు బాబూ. నేను నమ్ముతాను. నా దగ్గర కొనేవాడు నమ్మడు. ఆ నలుపు ఉంటే అదే సాక్ష్యం. నల్లగా ఉన్నది ఉన్నట్టు తెచ్చుంటే పన్నెండు వేలకు నేనే తీసుకునేవాణ్ణి. ఇప్పుడు వెండి ధర తప్ప ఇవ్వలేను."

ఎంతని అడిగాను. తొంభై రూపాయలు చెప్పాడు. రూపాయి తీసుకుని వచ్చేశాను.

గుంటూరు నుంచి పేటకు బస్సులో గంట ప్రయాణం. నిలబడే వచ్చాను. పన్నెండు వేలు పోయాయన్న బాధ ఉంది, కాదనను. కానీ అంతకంటే ఎక్కువగా నన్ను తినేసింది సిగ్గు. ఇన్నేళ్ళు మా బావను వెక్కిరించినవాణ్ణి. ఆయన చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి. దాన్ని పాడుచేసింది నేనేనని చెప్పాలి. ఎవరితో? చేతులు మండుతూ ఎదురుచూస్తున్న అక్కతో. ఆమె నోరు నాకు తెలుసు. బస్సు యడ్లపాడు దాటేసరికి నా దగ్గర ఒక అబద్ధం తయారుగా ఉంది. దానికి నేను కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది, ఆ పెద్దాయన మాటల్లోంచే తీసుకున్నాను.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"దొంగదంట అక్కా. ఎవడో వైస్‌లో పెట్టి నొక్కి చేసిందంట. వెండి ధర తప్ప రాదన్నాడు," అన్నాను.

రూపాయి చేతిలోకి తీసుకుంది. "ఇంత తెల్లగా ఉందేందిరా?"

"ఆయనే కడిగి చూశాడు. దొంగదని తేల్చాలంటే కడగాలంట."

ఇంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట, ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అక్క రూపాయిని అటూ ఇటూ తిప్పి చూసి, మిషను సొరుగులో గుండీల డబ్బాలో పడేసింది. నేను అనుకున్నట్టు అరవలేదు. "మా అమ్మ రూపాయలు రెండు," అని మాత్రం అంది. నెలాఖరుకు ఆ గదిలో ఎవరో సెల్‌ఫోన్ రీచార్జి కొట్టు పెట్టుకున్నారు.

ఆ ఏడాదంతా అక్క మిరపకాయలకే పోయింది. కుట్టడం దాదాపు మానేసింది. ఒకసారి ఐదువేలు తీసుకెళ్ళి పిల్ల పుస్తకాలకని చెప్పి బల్ల మీద పెడితే, నేను చెప్పులు వేసుకునేలోపే తెచ్చి జేబులో కుక్కింది. నేను గమనించింది ఇంకోటి ఉంది. అంతకుముందు ఏ మాటలోనైనా "మీ బావ ఉంటేనా" అనేది. ఆ మాట పోయింది. కూతురు నాన్న సంగతి ఎత్తితే, "ఆ మనిషి కబుర్లు అట్టాగే ఉంటాయిలే," అని కొట్టిపారేసేది. అది విన్న ప్రతిసారీ నిజం చెప్పెయ్యాలనుకునేవాణ్ణి. మంచినీళ్ళు తాగి వచ్చేసేవాణ్ణి.

మరుసటి ఏడు మార్చిలో ఆఫీసు పని మీద గుంటూరు వెళుతూ పొద్దున్నే పేటలో దిగాను. అక్క పనికి వెళ్ళడానికి తయారవుతోంది. నెత్తికి గుడ్డ కట్టుకుంటూ కాఫీ పెట్టి ఇచ్చింది. ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది, లోపల రీళ్ళ డబ్బీలు కనిపించలేదు. నేను అటు చూడడం గమనించి, అడక్కుండానే అక్కే చెప్పింది.

"అవన్నీ తీసేశానురా. చెల్లేవి కిరాణాకొట్లో ఇచ్చి ఉప్పూ సబ్బులూ తెచ్చుకున్నా. చెల్లనివి గుళ్ళో హుండీలో వేశా. ఇంట్లో చోటన్నా ఖాళీ అయింది."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"ఇంకో సంగతి తెలుసా నీకు? రెండు రూపాయలిచ్చి అది కొన్నానన్నాడుగా. నాకు ఇప్పుడు తెలిసొచ్చింది. ఆ దొంగ రూపాయికి ఎవడన్నా రెండు మంచివి అడుగుతాడా? ఒకటిచ్చి ఇది తెచ్చుంటాడు. రెండోది మిల్లులో పేకాటలో పోగొట్టుంటాడు. మొహం మీద అబద్ధం చెప్పి, పోయేదాకా నవ్వుకుంటా తిరిగాడు. నేనే పిచ్చిదాన్ని, నమ్మాను."

మా బావ జీవితంలో పేక ముట్టలేదు. నాకు తెలుసు, అక్కకూ తెలుసు. తెలిసిన మనిషే ఆ మాట అంటోంది.

అక్కడే కూర్చుని అంతా చెప్పేశాను. చెక్కముక్కలో గాడి చేసిన దగ్గర్నుంచి. పాలిష్ పౌడరు, ఉన్ని చక్రం, గుంటూరు పెద్దాయన, భూతద్దం, పన్నెండు వేలు. ఆయన బావను కన్నున్న మనిషి అన్న సంగతి కూడా. బస్సులో అబద్ధం ఎలా అల్లానో కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ అక్క నెత్తి మీది గుడ్డ ముడి పట్టుకునే ఉంది.

"అయితే ఆయన మోసపోలేదా?" అంది.

"లేదక్కా."

"రెండు రూపాయలు నిజంగానే ఇచ్చుంటాడా?"

"పది ఇచ్చినా తక్కువే. నేనే పాడుచేశా. నీకు ఆ గది రాకుండా చేసింది నేనే. డబ్బు మొత్తం నేను..."

"డబ్బు మాట ఎత్తావంటే చెప్పుతో కొడతా," అంది. గొంతు పెంచలేదు. మంచం కోడు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. బయట ట్రాలీ ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఆటోలో ఉన్న ఆడవాళ్ళలో ఎవరో అక్కను పేరు పెట్టి పిలుస్తున్నారు.

"ఏడాది నుంచి ఆ కుప్పల ముందు కూర్చుని చెయ్యి మండినప్పుడల్లా ఆయన్నే తిట్టుకుంటా ఉన్నానురా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఇట్టా వదిలేసి పోయాడని కాదు, మోసం చేసి పోయాడని. చచ్చిపోయినోడు వచ్చి నేను మోసం చెయ్యలేదే అని చెప్పుకోలేడు గదా. చెప్పగలిగినోడివి నువ్వొక్కడివే. ఏడాది పట్టిందా నీకు?"

హారను మళ్ళీ మోగింది. అక్క లేచి, మొహానికి గుడ్డ కట్టుకుని, అన్నం క్యారియరు తీసుకుని వెళ్ళి ఆటో ఎక్కింది.